అరకొర వేడే గుడ్డుకు అసలు గండం

* పొదగకముందే మొదలవుతున్న పిండం ఎదుగుదల
* తొలి మూడు రోజుల ఉష్ణోగ్రతపైనే పిల్ల భవితవ్యం

రోహిణి కార్తెలో కోడిని పొదగేయడానికి పల్లెల్లో పెద్దలు ఇష్టపడరు. ఎండలకు గుడ్లు మురిగిపోతాయన్నది వారి అనుభవం. ఆ అనుభవంలో ఎంత నిజముందో పరిశోధనశాలలు వందేళ్లకు పైగా రుజువు చేస్తూనే ఉన్నాయి. అయితే గుడ్డును చెడగొట్టేది మండే ఎండ ఒక్కటే కాదు. నిల్వకు కావలసినంత చల్లగా ఉండక, పొదగడానికీ చాలని మధ్యరకం వేడి చాలాసార్లు అంతకంటే పెద్ద ముప్పు తెస్తోంది. పైకి గుడ్డు చక్కగానే కనిపిస్తుంది. లోపల పిండం మాత్రం ఎదగడం మొదలుపెట్టి, ఎదగలేక చనిపోతుంది.

నాటుకోళ్లు, అసిల్, హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం రూపొందించిన వనరాజా వంటి రకాల పెంపకం చాలా కుటుంబాలకు ఉపాధిగా మారింది. చిన్న పొదిగే యంత్రాలు ఇళ్లలోకి వచ్చాయి. పొరుగూరి నుంచి ఖరీదైన జాతి గుడ్లు కొని, మోటారు సైకిల్‌పై తెచ్చి, వారం రోజులు గంపలో దాచి, తర్వాత యంత్రంలో పెట్టేవారు ఎందరో. 21వ రోజున సగం గుడ్లయినా పిల్లలు కాకపోతే పుంజు మంచిది కాదని ఒకరు, యంత్రం పనిచేయలేదని మరొకరు, అమ్మినవారు మోసం చేశారని ఇంకొకరు అంటారు. వేసవిలో చాలా సందర్భాల్లో నష్టం యంత్రంలో జరగదు. అంతకు ముందే, గంపలోనే జరిగిపోతుంది.

గుడ్డు పెట్టేసరికే వేల కణాలు

కోడి గుడ్డు పెట్టిన నాటి నుంచి పిండం వయసు లెక్కిస్తే తప్పవుతుంది. తల్లి కడుపులో పచ్చసొన విడుదలైన కొద్దిసేపటికే ఫలదీకరణ జరుగుతుంది. తెల్లసొన, పొరలు, పెంకు ఏర్పడుతూ గుడ్డు బయటకు రావడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. కోడి శరీర ఉష్ణోగ్రత సుమారు 41 డిగ్రీల సెల్సియస్. అంతటి వెచ్చదనంలో ఒక్క కణం రెండుగా, రెండు నాలుగుగా విడిపోతూనే ఉంటాయి. గుడ్డు నేలను తాకేసరికి పచ్చసొనపై కనిపించే చిన్న తెల్లని బిళ్లలో 40 వేల నుంచి 60 వేల వరకు కణాలు తయారై ఉంటాయి.

గుడ్డు బయటకు వచ్చి చల్లబడగానే ఈ ఎదుగుదల ఆగిపోతుంది. పిండం చనిపోదు, నిద్రపోతుంది. ప్రకృతిలో ఈ నిద్రకు ఒక ప్రయోజనం ఉంది. కోడి రోజుకు ఒకటి చొప్పున గుడ్లు పెడుతూ పోయి, అన్నీ పూర్తయ్యాకే పొదుగుకు కూర్చుంటుంది. మొదటి గుడ్డు పది రోజుల ముందు పెట్టినా, చివరి గుడ్డు నిన్న పెట్టినా పిల్లలన్నీ దాదాపు ఒకేసారి లేస్తాయి. ముందు పెట్టిన గుడ్లలోని పిండాలు నిద్రలో ఉండి మిగతావాటి కోసం ఆగబట్టే ఇది సాధ్యమవుతోంది.

బజారులో కొనే ఫారం గుడ్లకు ఈ సంగతులేవీ వర్తించవు. గుడ్ల కోసం పెంచే కోళ్ల మధ్య పుంజులు ఉండవు. అవి ఫలదీకరణ చెందని గుడ్లు కాబట్టి వాటిలో పిండమే ఉండదు. ఇక్కడ చెబుతున్నదంతా పుంజుతో కలిసి తిరిగే పెట్టలు పెట్టిన, పిల్లల కోసం దాచే గుడ్ల గురించే.

నిద్రకూ మెలకువకూ మధ్య గీత

ఏ ఉష్ణోగ్రత దగ్గర పిండం నిద్ర లేస్తుందన్న ప్రశ్నకు 1902లో అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ ఎడ్వర్డ్స్ సమాధానం వెదికారు. సుమారు 20, 21 డిగ్రీల దగ్గర ఎదుగుదల జాడ మొదలవుతుందని తేల్చి, ఆ హద్దుకు శరీరధర్మ శూన్యాంకం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. తర్వాతి పరిశోధకులు కొందరు ఈ హద్దు 25 నుంచి 27 డిగ్రీల వరకు ఉంటుందన్నారు. 20 దాటాక పిండంలో కదలిక మొదలైనా, 27 దాటితే అది స్పష్టంగా కనిపిస్తుందని ఈ లెక్కలను కలిపి అర్థం చేసుకోవచ్చు. అందుకే హేచరీలు గుడ్లను 20 డిగ్రీలకు రానివ్వకుండా 15 నుంచి 18 డిగ్రీల మధ్య నిల్వ చేస్తాయి.

1969లో లండీ అనే పరిశోధకుడు కోడిపిండం ఉష్ణోగ్రతలను ఐదు అంచెలుగా విభజించారు. మైనస్ 2 డిగ్రీల కంటే తక్కువైతే చలికి పిండం దెబ్బతింటుంది. అక్కడి నుంచి 27 డిగ్రీల వరకు నిద్రావస్థ. 35 నుంచి 40.5 డిగ్రీల వరకు పిల్ల లేచే అవకాశం ఉన్న అంచె. 40.5 దాటితే వేడికి హాని. వీటి మధ్యలో, 27 నుంచి 35 డిగ్రీల వరకు ఉన్న అంచెకు ఆయన పెట్టిన పేరు అసమ వృద్ధి.

మన రైతుకు అసలు ముప్పు ఉన్నది ఈ అంచెలోనే. కోస్తా జిల్లాల్లో మే నెల రాత్రిళ్లు ఉష్ణోగ్రత 27, 28 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. పగలు గది లోపల 35 డిగ్రీలు దాటడం మామూలే. అంటే గంపలో దాచిన గుడ్డు ఇరవై నాలుగు గంటల్లో ఒక్క గంట కూడా నిద్రపోదు. పొదగేసే రోజుకు అది వారం రోజులుగా కునుకు లేని గుడ్డు.

పునాది ఆరకముందే గోడ

అసమ వృద్ధి అంటే ఎదుగుదల నెమ్మదించడం మాత్రమే కాదు. నెమ్మదించడమే అయితే 21 రోజులకు బదులు 25 రోజులకు పిల్ల లేవాలి. అలా జరగదు. పిండంలో కణాలు విడిపోవడం ఒక పని. విడిపోయిన కణాలు తమ చోటికి కదలి వెళ్లడం మరో పని. మడతలు పడి గొట్టంగా మూసుకోవడం ఇంకో పని. వేడి తగ్గినప్పుడు ఈ పనులన్నీ ఒకే పాళ్లలో తగ్గవు. ఒకటి కొద్దిగా తగ్గితే మరొకటి దాదాపు ఆగిపోతుంది. పునాది ఆరకముందే గోడ లేపితే ఏమవుతుందో పిండానికీ అదే అవుతుంది. కొన్ని భాగాలు ముందుకు పోయి, కొన్ని వెనుకబడి, చివరకు మొత్తం కూలిపోతుంది.

తగిన వేడి అందినప్పుడు ఈ పనులు ఎంత క్రమంగా సాగుతాయో డిగ్రీ కళాశాలల జంతుశాస్త్ర ప్రయోగశాలల్లో చూడవచ్చు. 18, 24, 33, 48, 72 గంటల కోడిపిండాల స్లయిడ్లు బీఎస్సీ చదివినవారికి పరిచయమే. 18 గంటలకు తెల్లని బిళ్ల నడుమ ఒక గీత నిలువుగా సాగుతుంది. పిల్లకు తల ఎటు, తోక ఎటు అన్నది ఆ గీతతోనే స్పష్టమవుతుంది. 24 గంటలకు తల భాగం మడత పడుతుంది. వెన్ను పొడవునా జంటలు జంటలుగా కండరపు ముద్దలు మొదలవుతాయి. 33 గంటలు దాటాక గుండె కొట్టుకోవడం ఆరంభిస్తుంది. అప్పటికి దానిలో రక్తం ఇంకా తిరగదు. 48 గంటలకు రక్తప్రసరణ సాగుతుంది, కళ్లు రూపు దిద్దుకుంటాయి. 72 గంటలకు రెక్కల, కాళ్ల మొలకలు కనిపిస్తాయి.

ఈ గంటల లెక్క 38 డిగ్రీలకు దగ్గరగా వేడి ఉన్నప్పుడే సరిపోతుంది. యంత్రం ఒకటి రెండు డిగ్రీలు తక్కువగా ఉంటే 48 గంటల గుడ్డును పగలగొట్టినా అంతకంటే చిన్న వయసు పిండమే కనిపిస్తుంది. ఈ చిక్కు తప్పించడానికే అమెరికా శాస్త్రవేత్తలు విక్టర్ హాంబర్గర్, హోవార్డ్ హామిల్టన్ 1951లో గంటల లెక్కను పక్కనబెట్టి, పిండం రూపాన్ని బట్టి 46 దశలను నిర్ణయించారు. నేటికీ ప్రపంచమంతటా పరిశోధనశాలలు ఆ దశలనే పాటిస్తున్నాయి. వయసును గడియారం చెప్పలేదని, వేడి చెబుతుందని ఆ పట్టిక సారాంశం.

శాస్త్రవేత్తనే ఏమార్చిన ఎండ

వేసవి గది గుడ్డును పొదుగుతుందనడానికి విజ్ఞాన శాస్త్ర చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. ఇటలీలోని బొలోన్యా నగరానికి చెందిన మార్సెల్లో మాల్పిగీ 17వ శతాబ్దంలో సూక్ష్మదర్శినితో కోడిపిండాన్ని గంట గంటకు పరిశీలించి బొమ్మలు గీశారు. 1672లో ఆ పరిశీలనలను లండన్‌లోని రాయల్ సొసైటీకి పంపారు. అంతకు ముందురోజు పెట్టిన, ఇంకా పొదగని గుడ్డులోనే పిండం ఆకారం తనకు కనిపించిందని అందులో రాశారు. జీవి పూర్తి రూపంతోనే గుడ్డులో ముందుగా ఉంటుందని, తర్వాత పెద్దదవుతుందని వాదించేవారికి ఈ మాట బలమైన ఆధారమైంది.

మాల్పిగీ అబద్ధం రాయలేదు. ఆ పరిశీలన జరిగింది ఆగస్టు నెలలో. ఎండ తీవ్రంగా ఉందని కూడా ఆయనే నమోదు చేశారు. కోడి పొదగకపోయినా ఇటలీ ఎండ ఆ పని మొదలుపెట్టిందని తర్వాతి శాస్త్రవేత్తలు గ్రహించారు. 1759లో జర్మనీకి చెందిన కాస్పర్ ఫ్రెడ్రిక్ వూల్ఫ్ కోడిపిండంలో అవయవాలు ఒకదాని తర్వాత ఒకటి కొత్తగా ఏర్పడతాయని చూపారు. ఒక గది వెచ్చదనాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం పండితుల వాదానికే ఊపిరి పోసిందంటే, ఇంట్లో గంప పెట్టిన రైతు పొరపడటంలో వింత లేదు.

ఎక్కువైతే ప్రాణాంతకం

యంత్రంలో పెట్టాక కోడిపిండానికి అనువైన వేడి 37.5 నుంచి 37.8 డిగ్రీలు. ఫారన్‌హీట్‌లో 99.5 నుంచి 100 డిగ్రీలు. ఫ్యాను లేని చిన్న పెట్టెల్లో పైన వేడిగా, కింద చల్లగా ఉంటుంది కాబట్టి గుడ్ల పైభాగం దగ్గర 101 నుంచి 102 ఫారన్‌హీట్ డిగ్రీలు ఉండేలా చూడాలి. గాలి ఉష్ణోగ్రత కంటే పెంకు ఉష్ణోగ్రతను కొలవడం మేలని నెదర్లాండ్స్ పరిశోధకులు 2005లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది. పెంకు దగ్గర 37.8 డిగ్రీలు నిలకడగా ఉంచినప్పుడు పిల్లలు ఎక్కువగా, ఆరోగ్యంగా లేచాయి.

ఈ అంకెకు అటూ ఇటూ జరిగే తప్పులు సమానమైనవి కావు. యంత్రం వేడి కొద్దిగా తగ్గితే పిల్లలు ఆలస్యంగా లేస్తాయి, నీరసంగా ఉంటాయి. అదే పరిమాణంలో పెరిగితే నష్టం చాలా ఎక్కువ. మెదడు, కళ్లు రూపుదిద్దుకునేది తొలి రోజుల్లోనే. మొదటి మూడు రోజుల్లో వేడి మితిమీరితే పుర్రె మూసుకోక మెదడు బయటకు కనిపించడం, కన్ను చిన్నదైపోవడం లేదా అసలు ఏర్పడకపోవడం వంటి లోపాలు వస్తాయి. తర్వాత ఎంత జాగ్రత్తగా చూసినా అవి సరికావు.

పొదుగు కోడి రోజూ కొద్దిసేపు గూడు వదిలి మేతకు వెళ్లినా గుడ్లు చెడకపోవడానికి కారణం ఇదే. కొద్దిసేపటి చల్లదనాన్ని పిండం తట్టుకుంటుంది. గుండె వేగం తగ్గి, తిరిగి వేడి అందగానే పుంజుకుంటుంది. గంటల తరబడి సాగే అధిక వేడిని మాత్రం తట్టుకోలేదు.

కరెంటు పోతే ఏం చేయాలి?

కరెంటు కోత వచ్చినప్పుడు యంత్రం తలుపు తెరవాలా, మూయాలా అన్నది పెంపకందారుల్లో ఎప్పుడూ ఉండే సందేహం. దీనికి సమాధానం గుడ్ల వయసును బట్టి మారుతుంది. తొలి వారంలో పిండం తానుగా వేడి పుట్టించలేదు. యంత్రం ఇచ్చే వేడిని పీల్చుకుంటుంది. ఆ రోజుల్లో కరెంటు పోతే తలుపు మూసే ఉంచి, పైన గోనెసంచి కప్పాలి. పది రోజులు దాటాక పరిస్థితి తలకిందులవుతుంది. ఎదిగిన పిండం తానే వేడిని విడుదల చేస్తుంది. అలాంటి గుడ్లు వందల సంఖ్యలో ఉన్న యంత్రంలో ఫ్యాను ఆగితే గాలి ఆడక, వేడి పెరిగి పిల్లలు పెంకులోనే చనిపోతాయి. అప్పుడు తలుపు కొద్దిగా తెరవాలి. పెద్ద హేచరీల్లో తొలి రోజుల్లో వేడి చేసే యంత్రాలకే చివరి రోజుల్లో చల్లబరిచే పని ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే.

వేడి మార్చితే పెట్టలు ఎక్కువగా వస్తాయన్న ప్రచారానికి ఆధారం లేదు. కోడిలో ఆడా మగా అన్నది ఫలదీకరణ నాడే తల్లి క్రోమోజోముతో నిర్ణయమైపోతుంది. ఈ అపోహకు సముద్ర తాబేళ్ల సంగతి కొంత కారణం కావచ్చు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు వరకు తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లలో ఇసుక వేడిని బట్టే పిల్ల ఆడో మగో తేలుతుంది. ఇసుక వెచ్చగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువగా పుడతాయి. కోళ్లకు ఈ సూత్రం వర్తించదు.

పుంజును నిందించే ముందు

పొదగేసిన ఐదు నుంచి ఏడు రోజుల మధ్య చీకటి గదిలో దీపం ముందు గుడ్డును పెట్టి చూడటం అందరికీ తెలిసిన పద్ధతే. లోపల ఎర్రని సాలెగూడులా రక్తనాళాలు కనిపిస్తే పిండం బతికి ఉన్నట్లు. ఎర్రని వలయం మాత్రమే కనిపిస్తే రక్తం ఏర్పడ్డాక పిండం చనిపోయినట్లు. ఏమీ కనిపించకపోతే గుడ్డు ఫలదీకరణ చెందలేదని తేల్చి పుంజును మార్చేస్తుంటారు. పొరపాటు ఇక్కడే జరుగుతోంది. రక్తం ఏర్పడకముందే, అంటే గంపలోనో, యంత్రంలో తొలి రోజునో చనిపోయిన పిండం కూడా దీపం ముందు ఖాళీ గుడ్డులాగే కనిపిస్తుంది.

నిజం తేలాలంటే కొన్ని తాజా గుడ్లను పొదగకముందే పళ్లెంలో పగలగొట్టి చూడాలి. పచ్చసొనపై తెల్లని చుక్క చిన్నగా, గట్టిగా, అంచులు సరిగా లేకుండా ఉంటే అది ఫలదీకరణ చెందని గుడ్డు. నాలుగైదు మిల్లీమీటర్ల వెడల్పుతో, మధ్యలో పలుచగా, చుట్టూ తెల్లని వలయంతో గుండ్రంగా ఉంటే పిండం ఉన్న గుడ్డు. తాజా గుడ్లలో వలయం కనిపిస్తూ, పొదగేశాక ఎక్కువ గుడ్లు ఖాళీగా తేలుతుంటే పుంజు తప్పేమీ లేదు. నిల్వ తీరునే అనుమానించాలి.

నిల్వలో జాగ్రత్తలు

పొదగేసే గుడ్లను గూటిలో వదిలేయకుండా వేసవిలో రోజుకు మూడు నాలుగు సార్లు ఏరాలి. మొన దిగువకు ఉండేలా అమర్చాలి. 15 నుంచి 18 డిగ్రీల చల్లని గది ఉన్నవారు వారం వరకు నిల్వ చేయవచ్చు. ఆ తర్వాత గడిచే ప్రతి రోజూ లేచే పిల్లల సంఖ్య తగ్గుతూ పోతుంది. ఇంటి ఫ్రిజ్‌లో ఉండే 4 డిగ్రీల చలి పొదగేసే గుడ్లకు మేలు చేయదు. చల్లని గది లేనివారు తడి ఇసుకలో కుదురుగా పాతిన మట్టికుండను వాడుకోవచ్చు. అది గది కంటే కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది. ఉక్కపోత ఎక్కువగా ఉండే కోస్తాలో కుండ చల్లదనం తక్కువ కాబట్టి అక్కడ మూడు నాలుగు రోజుల్లోపే గుడ్లను పొదగేయడం క్షేమం.

చల్లని చోటి నుంచి తీసిన గుడ్లను నేరుగా యంత్రంలో పెట్టకూడదు. పెంకుపై చెమటలా నీరు పట్టి, సూక్ష్మజీవులు రంధ్రాల గుండా లోపలికి చేరతాయి. కొన్ని గంటలు నీడలో ఉంచి, గది వేడికి వచ్చి పెంకు పొడిగా ఉన్నాకే పెట్టాలి. దూరం నుంచి తెచ్చేవారు తెల్లవారుజామునే బయలుదేరడం మంచిది. యంత్రంలోని థర్మామీటర్‌ను గోరువెచ్చని నీటిలో జ్వరం చూసే థర్మామీటర్‌తో పోల్చి ముందే సరిచూసుకోవాలి. ఒక్క డిగ్రీ తప్పు చూపించే పరికరం 21 రోజుల శ్రమను వృథా చేస్తుంది.

నిల్వలో ఉన్న గుడ్లకు కొన్ని గంటలు పొదిగే వేడి ఇచ్చి, వెంటనే తిరిగి చల్లబరిస్తే ఎక్కువ రోజులు నిల్వ ఉన్నవాటిలోనూ పిల్లలు బాగా లేస్తున్నాయని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ కొద్దిపాటి ఎదుగుదలతో పిండం నిల్వను తట్టుకునే దశకు చేరుతుంది. పెద్ద హేచరీలు కొన్ని ఈ పద్ధతిని అనుసరిస్తున్నాయి. వేసవి గదిలో గుడ్డుకు తగిలేదీ వేడే కదా అన్న సందేహం రావచ్చు. తేడా మధ్యరకంలో ఉంది. హేచరీ గుడ్డును పూర్తిగా లేపి, పని చేయించి, పూర్తిగా నిద్రపుచ్చుతోంది. వేసవి గది దానిని లేవనివ్వదు, పడుకోనివ్వదు.

చల్లదనమైతే పూర్తి చల్లదనం, వేడి అయితే పూర్తి వేడి. గుడ్డు కోరేది ఇంతే. ఈ రెంటికీ మధ్య గంపలో గడిచిన ప్రతి వేసవి రోజు లేవాల్సిన పిల్లల్లో కొన్నింటిని ముందుగానే తీసుకుపోతుంది.